మూడో కూత

కుక్కర్ మూడో కూతకి స్టవ్ కట్టేయాలి.
ఆ కూత నేనెప్పుడూ వినలేదు.
మొదటి కూతకి వాడు చెవి నిక్కిస్తాడు,
రెండో దానికి లేచి ఒళ్లు విరుచుకుంటాడు,
మూడో దానికి వచ్చి
మిషను తొక్కే నా మోకాలికి
తడి ముక్కు ఆనిస్తాడు.
పదేళ్లుగా మా ఇంట్లో పప్పు
ఒక కుక్క లెక్క మీద ఉడికింది.

జ్ఞానాపురంలో, రైలుకట్ట వెనక సందులో
నూకరత్నం లేడీస్ టైలర్ అంటే నేనే.
బోర్డు కింద చిన్నక్షరాల్లో
"పిలవకండి, ఎదురుగా వచ్చి నిలబడండి" అని రాయించాను.
ఎవరూ చదవరు.
గుమ్మంలోంచే కేకేస్తారు.
వాడొచ్చి చెబుతాడు.

హుద్‌హుద్ నాడు దొరికాడు.
గాలి రైలులా మీదికొచ్చిందని అందరూ అంటారు,
నాకైతే అదొక మూగ తుఫాను.
చప్పుడు లేకుండా రేకులెగిరాయి,
చప్పుడు లేకుండా వేపచెట్టు ఒరిగింది.
తెల్లారి చూస్తే, కూలిన రేకు కింద
ఒక పిల్ల నోరు తెరుస్తోంది, మూస్తోంది.
ఏడుస్తోందని పెదాలు చూసి పోల్చుకున్నాను.
మనుషుల్నీ అలాగే కదా పోల్చుకుంటాను.

రేకు కోసుకుని కుడిచెవి సగానికి మడతపడిపోయింది.
సందులో వాడికి నాలుగు పేర్లున్నాయట.
నేను పెట్టింది ఒక్కటే:
చెవి పక్కన చూపుడువేలు వంచడం.
అలా వంచితే వీధి చివర్నించైనా వస్తాడు,
చూస్తే.
ఏ బళ్లోనూ ఎవరూ వాడికి నేర్పలేదు,
మెళ్లో బిళ్ల లేదు.
పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడి
ఆరేసిన లైనింగు గుడ్డ మీదా
వాడి తెల్లటి వీపు మీదా ఒకేలా పడుతుంది.
రెండిటినీ శుక్రవారం ఉతుకుతాను.

కేజీహెచ్‌లో సదరం కాగితం మీద
నా చెవులకి నూటికి ఎనభై రెండు వేశారు.
వెంట ఎవరైనా ఉంటారా అంది రాసే ఆవిడ.
గేటు బయట కూర్చున్న వాణ్ణి చూపించాను.
నవ్వింది.
ఆ గడి ఖాళీగా వదిలేసింది.

కరోనా నాడు మాస్కులొచ్చి
పెదాలన్నీ మూసేశాక
ఊరంతా అట్ట మూసిన పుస్తకమైపోయింది నాకు.
అప్పుడు నేను చదివింది వాడి చెవినే.
ముందుకి తిరిగితే తెలిసినవాళ్లు,
వెనక్కి వాలితే పోలీసు జీపు.
మడత చెవి మాత్రం ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

మొన్న మంగళవారం
ఎవరిదో పెళ్లి జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను.
ముందు వాసనొచ్చింది. మాడిన కందిపప్పు.
పరిగెత్తాను.
ఎన్ని కూతలు కూసిందో ఎవరికి తెలుసు,
వాడు గుమ్మంలో పడి నిద్రపోతున్నాడు.
కోపమొచ్చింది. గరిటె ఎత్తాను కూడా.
తర్వాత ఎందుకో
వాడి వెనక్కెళ్లి నిలబడి
స్టీలు కంచం కింద పడేశాను, కావాలనే.
చెవి కదల్లేదు.
గచ్చు అదిరినందుకు కళ్లు తెరిచి
గచ్చునే చూశాడు.

ఓహో,
నువ్వూ ఇటొచ్చేశావేట్రా.

రా. ఈ దారి నాకు చిన్నప్పట్నించీ తెలుసు.
హార్బర్లో ఓడ కూత పెడితే
అది చెవికి రాదు, పక్కటెముకలకొస్తుంది.
గూడ్సు బండి ముందు చెంబులో నీళ్లని కదుపుతుంది,
తర్వాతే కట్ట మీద కనిపిస్తుంది.
మనిషొస్తే గుమ్మంలో వెలుగు తగ్గుతుంది.
అప్పుడప్పుడూ మబ్బుకీ తగ్గుతుంది,
మోసపోతాం, ఫర్లేదు.

మిషనుకి ఎదురుగా అద్దం బిగించాను,
గుమ్మమూ వాడూ ఇద్దరూ కనపడేలా.
పప్పు గిన్నెలోనే ఉడికిస్తున్నాను,
మూత తీసి చూసుకుంటూ.

రాత్రి కొట్టు కట్టేశాక
మడమతో గచ్చు మీద రెండుసార్లు తడతాను.
వాడు తలెత్తి
ఎవరో వచ్చారనుకుని గుమ్మం వైపు చూస్తాడు,
ఆ తర్వాత నా వైపు.

ఎవరూ లేరురా.
నేనే.